సముద్రక్రిమియు జీవపరిణామ పరిశోధనయు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)

తొలకరి జల్లు పడినంతనే పొలము గట్ల వెంట వానపాములు వెలికివచ్చుట ఎరుగని కృషీవలుడు తెలుగునాట నుండడు. చెరువులో పశువులను కడుగువాడు జలగను ఎరుగకుండుటయు లేదు. ఈ రెండును అనెలిడా అను జంతువర్గమునకు చెందినవి. ఉంగరములను వరుసగ పేర్చినట్లు దేహము ఖండములు ఖండములుగ నుండుట ఈ వర్గపు గుర్తు. జీవపరిణామ సిద్ధాంతమును లోకమునకు తెలిపిన చార్లెస్ డార్విను తన కడపటి గ్రంథమును 1881లో వానపాములను గూర్చియే ప్రకటించెను. నేలను గుల్లపరచి సారవంతము చేయుటలో ఈ అల్పప్రాణి చేయు సేవ ఎంతటిదో ఆయన అందు నిరూపించెను.

ఈ వర్గముననే సముద్రమున వసించు శాఖ యొకటి కలదు. దానికి పాలికీటా యని పేరు. పెక్కు శూకములు గలవి యని ఆ మాటకు అర్థము. ఆ శాఖలోని ఒక చిన్న క్రిమి, ప్లాటినెరీస్ డ్యుమెరిలై అనునది, నేడు ఐరోపాఖండపు ప్రయోగశాలలలో గొప్ప గౌరవమును పొందుచున్నది. కన్ను మొదట ఎట్లు పుట్టెను? మానవుని వెన్నులోని నాడీరజ్జువునకు మూలమేది? చంద్రుని వృద్ధిక్షయములను జంతువులు ఎట్లు గుర్తించును? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకువారికి ఆ క్రిమి సాక్షియై నిలిచినది. దాని జీవితమును, దానినుండి శాస్త్రజ్ఞులు గ్రహించిన విషయములను, ఇంకను తీరని వివాదములను వివరించుట ఈ ఉపన్యాసమునకు ఉద్దేశము.

మొదట దాని రూపమును, జీవితమును తెలిసికొనవలెను. ఇది కొలది సెంటీమీటర్ల పొడవు గల సన్నని క్రిమి. తలపై రెండు జతల కన్నులు, స్పర్శకు పనికివచ్చు మీసముల వంటి అవయవములు కలవు. ప్రతి ఖండమునకును ఇరుప్రక్కల తెడ్లవంటి పార్శ్వపాదములును, వాటి కొనలయందు శూకములును ఉండును. తీరప్రాంతపు లోతులేని నీటిలో, సముద్రపు నాచు మొక్కలమీద, తన దేహమునుండి స్రవించు పట్టువంటి దారముతో గొట్టమును అల్లుకొని అందు కాపురముండును. ఆహారము కొరకు తల వెలుపలికి చాచి, అపాయము తోచినంతనే లోనికి జారుకొనును. వెనుకభాగము తెగినచో మరల పెంచుకొనగలదు. తల తెగినచో మాత్రము కొత్త తల మొలవదు.

ఈ క్రిమి తన జీవితములో ఒక్కసారి మాత్రమే సంతానమును కనును. ఆ కాలము సమీపించినపుడు దాని దేహము సంపూర్ణముగ మారిపోవును. కన్నులు పెద్దవగును. జీర్ణనాళము క్షీణించును. పార్శ్వపాదములు ఈదుటకు అనువైన తెడ్లుగ మారును. లోపల నిండిన అండములచే ఆడక్రిమి పసుపువన్నె దాల్చును. మగక్రిమి ముందుభాగము తెల్లగను వెనుకభాగము ఎర్రగను కానవచ్చును. ఆహారము మానివేసి, ఇన్నాళ్లు తలదాచుకొన్న గొట్టమును విడిచి, రాత్రివేళ ఇవి సముద్రపు పైనీటికి ఈదివచ్చును. అచట ఆడ మగ క్రిములు ఒకదాని చుట్టు నొకటి అతివేగముగ తిరుగుచు అండములను శుక్రకణములను నీటిలోనికి విడుచును. శాస్త్రజ్ఞులు దీనిని పెండ్లినాట్యమని పిలిచిరి. నాట్యము ముగిసిన పిమ్మట రెండును మరణించును.

తల్లిదండ్రులు లేని ఆ సంతతి నీటిలోనే పెరుగును. అండము పరిమాణము మిల్లీమీటరులో ఆరవవంతు. ఫలదీకరణము జరిగిన ఒక దినములో ట్రోకోఫోర్ అను గుండ్రని డింభకము ఏర్పడును. దాని నడుమ ఒడ్డాణమువలె శైలికల వరుస యొకటి కలదు. వెండ్రుకలకన్న సూక్ష్మమైన ఆ శైలికలు ఆడుటచే డింభకము బొంగరమువలె తిరుగుచు ఈదును. మూడవదినమునకు శూకములతో కూడిన మూడు ఖండములు స్పష్టమగును. దాదాపు ఒక వారములో అది నేలకు దిగి, ఆహారము తినుట నేర్చి, గొట్టమును అల్లుకొనును. అటుపై వెనుకభాగమున కొత్త ఖండములు చేరుచుండగా నెలల తరబడి పెరుగును.

అన్ని క్రిములును ఒకే రాత్రి పైకి రానిచో ఆడమగలు కలియుట దుర్లభము. అంత విశాలమైన సముద్రములో ఆ ముహూర్తమును నిర్ణయించునది ఎవరు? ఈ ప్రశ్నకు తెలుగువారికి తోచదగిన సమాధానమే ప్రకృతియు ఇచ్చినది. ఆ ముహూర్తమును చంద్రుడు నిర్ణయించును. పంచాంగము చేతబట్టి తిథి చూచుకొను మానవునివలెనే ఈ క్రిమియు చంద్రుని గమనించి కాలమును లెక్కించును. ఈ గుణము దీనికొక్కదానికే చెందినది కాదు. పసిఫిక్ సముద్రమునందలి సమోవా దీవులలో పలోలో అను మరియొక పాలికీటా క్రిమి అక్టోబరు, నవంబరు మాసములలో కృష్ణపక్షపు నిర్ణీత దినములందు గుంపులుగ పైకి వచ్చును. దీవివాసులు ఆ రాత్రికై కాచుకొనియుండి, వలలతో తోడి, వండుకొని తిందురు.

ఇక ఈ క్రిమి ప్రయోగశాలకు చేరిన కథ. ఇటలీ దేశమున నేపుల్సు నగరపు సముద్రతీరమందు ఆంటన్ డోర్న్ అను జర్మను జంతుశాస్త్రజ్ఞుడు 1872లో సముద్రజీవ పరిశోధనాలయమును స్థాపించెను. ఆయన డార్విను సిద్ధాంతమునందు దృఢవిశ్వాసము గలవాడు. దేశదేశముల శాస్త్రజ్ఞులు అచటికి వచ్చి, బల్ల యొకటి అద్దెకు తీసికొని, తాజా సముద్రజీవులపై పరిశోధన సాగించు ఏర్పాటును ఆయన చేసెను. ఆ నేపుల్సు అఖాతపు నీటిలో ఈ క్రిమి సమృద్ధిగ లభించును.

సముద్రజీవిని సముద్రమున పట్టుకొనుట వేరు, సముద్రమునకు దూరముగ తరతరములు పెంచుట వేరు. కార్ల్ హాయెన్‌షిల్డ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1953 ప్రాంతమున ఈ పనిని సాధించెను. తొట్లలో ఉప్పునీటిని నింపి, నీటి వేడిమిని అదుపులో నుంచి, తరిగిన పాలకూర వంటి సామాన్యాహారముతో క్రిములను పెంచుట సాధ్యమైనది. నెలకు కొన్ని రాత్రులు గదిలో మసక దీపము వెలిగించి యుంచినచో క్రిములు దానినే చంద్రుడని భావించి, దాని ననుసరించి కొన్ని దినములలోనే మూకుమ్మడిగ పక్వదశకు వచ్చును. ఆ దీపము లేనిచో ఏ నియమమును లేక నెల పొడుగునను ఒక్కొక్కటిగ పక్వమగుచుండును. ఈ ప్రయోగముచే వెన్నెల ప్రభావము నిస్సంశయముగ ఋజువైనది. హాయెన్‌షిల్డ్ తరువాత మైన్జ్ నగరమున ఆల్బ్రెక్ట్ ఫిషర్ మొదలగువారు ఈ పెంపకమును కొనసాగించిరి.

ఇచట ఒక్క విషయమును గమనింపవలెను. ఈ క్రిమి సంతానమును కన్నంతనే చనిపోవును. కనుక ఒక తరమువారు అశ్రద్ధ చేసినచో ఆ సంతతి అంతరించును. గురువు పెంచినదానిని శిష్యుడు, ఆయన పెంచినదానిని ఆయన శిష్యుడు కాపాడుచు రాగా, దశాబ్దముల పిదప కొత్త పరికరములు లభించినపుడు ఆ క్రిములు పరిశోధనకు సిద్ధముగ నుండెను. గ్రంథములను భద్రపరచువారికి ఈ ఓర్పు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

జీవశాస్త్రజ్ఞులకు అప్పటికే ప్రయోగజంతువులు లేకపోలేదు. 1910లో అమెరికా దేశమున థామస్ హంట్ మోర్గన్ ఎర్రకన్నుల పండుఈగలలో తెల్లకన్నుల ఈగను కనుగొని జన్యుశాస్త్రమునకు గట్టి పునాది వేసెను. 1974లో సిడ్నీ బ్రెన్నర్ సూత్రమువంటి చిన్న నులిపురుగును జన్యుపరిశోధనకు సాధనముగ లోకమునకు పరిచయము చేసెను. ఇరువురికిని నోబెల్ బహుమానములు లభించినవి. అట్టియెడ మరియొక పురుగుతో పనియేమి యని అడుగవచ్చును.

దీనికి సమాధానము జంతువంశవృక్షములో నున్నది. కుడియెడమలు సమానముగ గల జంతువులలో మూడు మహాశాఖలు ప్రధానమైనవి. ఈగ, నులిపురుగు ఒక శాఖలోనివి. పెరుగుచు పైపొరను విడుచుట ఆ శాఖ లక్షణము. మానవుడు, చేప మొదలగు సకశేరుకములు రెండవ శాఖలోనివి. వానపాములు, నత్తలు, ఆల్చిప్పలు, ఈ సముద్రక్రిమి మూడవ శాఖలోనివి. ఈ మూడును 50 కోట్ల సంవత్సరములకు పూర్వమే వేరుపడినవి. మూడు శాఖలుగ చీలిన కుటుంబమున మూలపురుషుని ఆనవాళ్లు తెలియవలెనన్నచో రెండు శాఖలవారిని మాత్రమే విచారించిన చాలదు. మూడవ శాఖవారి సాక్ష్యమును తీసికొనవలెను. అందును పాతవస్తువులను పారవేయక అటకమీద దాచుకొనిన ఇంటివారు దొరికినచో మరింత మేలు.

ఈ క్రిమి అట్టి ఇల్లు. జన్యువుల నడుమ ప్రోటీను నిర్మాణమునకు అక్కరకురాని ఖండములు కొన్ని ఉండును. వాటిని ఇంట్రాన్లని యందురు. ఈగలోను నులిపురుగులోను ఇవి తక్కువ; మానవునిలో ఎక్కువ. కావున సకశేరుకముల పరిణామములో ఇవి కొత్తగ పెరిగినవని పూర్వము భావించిరి. 2005లో ఈ సముద్రక్రిమి జన్యువులను పరిశీలింపగా, మానవుని ఇంట్రాన్లలో సుమారు మూడింట రెండువంతులు ఆ ప్రాచీన పూర్వజునియందే ఉండినవని తేలెను. ఈగ, నులిపురుగు వంశములు వాటిలో చాల భాగమును పోగొట్టుకొనినవి. ఈ క్రిమియు మానవుడును నిలుపుకొనినారు.

ఇతర సౌకర్యములును కలవు. ఒక్క జతనుండి ఒకేసారి రెండువేలకు పైగా పిండములు లభించును. అన్నియు ఒకే వేగముతో సమానముగ పెరుగును. డింభకము పారదర్శకమగుటచే లోపలి కణములను సూక్ష్మదర్శినితో స్పష్టముగ చూడవచ్చును.

ఇక కన్ను విషయము. డార్విను 1859లో ప్రకటించిన తన మహాగ్రంథమున, కన్నువంటి సంక్లిష్టావయవము ప్రకృతివరణముచే ఏర్పడెననుట నమ్మశక్యముగ తోచదని తానే ఒప్పుకొని, అతిసరళమైన కన్నునుండి క్రమక్రమముగ మెట్లు చూపగలిగినచో ఆ శంక తీరునని చెప్పెను. ఆ సరళమైన కన్ను ఎట్లుండును? ఈ క్రిమి డింభకమునందు దానిని పోలినది కలదు. డింభకపు కంటిలో రెండే కణములు కలవు. ఒకటి కాంతిని గ్రహించు కణము. రెండవది ఒకవైపునుండి వచ్చు కాంతిని అడ్డగించు వర్ణకకణము. హైడెల్‌బర్గు నగరమందలి యూరోపియన్ అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో గాస్పార్ యేకెలీ, డెట్లెఫ్ ఆరెండ్ట్ మొదలగువారు 2008లో దీని పనితీరును వెల్లడించిరి. కాంతిగ్రాహక కణము మెదడు మధ్యవర్తిత్వము లేకయే సమీపపు శైలికాకణములతో నేరుగ నాడీసంధిని ఏర్పరచుకొనియున్నది. ఒకవైపు కాంతి పడినపుడు ఆవైపు శైలికల కదలిక మారును. డింభకము తిరుగుచు ఈదునది కనుక ఈ చిన్న మార్పులు కూడి అది వెలుగువైపునకు మరలును. కన్ను తొలుత చేసిన పని బొమ్మను చూచుట కాదనియు, వెలుగు వచ్చు దిక్కును తెలిసికొనుటయే కావచ్చుననియు దీనివలన ఊహింపవచ్చును.

అంతకు ముందు 2004లో ఆరెండ్టును సహచరులును మరియొక ఆశ్చర్యమును ప్రకటించిరి. జంతులోకమున కాంతిగ్రాహక కణములు రెండు తెగలు. సకశేరుకముల కంటిలో చూచుటకు ఉపయోగపడునవి శైలికానిర్మితమైనవి. ఈగవంటి అకశేరుకముల కంటిలోనివి మరియొక తెగవి. ఈ క్రిమి కన్నులలో ఆ రెండవ తెగ కణములే కలవు. కాని మెదడు లోపల మానవుని కంటికణములను పోలిన శైలికానిర్మిత కణములు దొరికినవి. వాటిలోని కాంతిగ్రాహక ప్రోటీనగు ఆప్సిన్ కూడ సకశేరుకముల ఆప్సినునకే దగ్గర చుట్టము. అనగా ప్రాచీన పూర్వజునియందే రెండు తెగలును ఉండెననియు, సకశేరుకముల కన్ను మెదడులోని కణములనుండి వృద్ధిచెందెననియు వారు ప్రతిపాదించిరి. ఆ మెదడుకణములు క్రిమికి ఏమి పని చేయుచున్నవో 2018లో తెలిసినది. అవి అతినీలలోహిత కిరణములను గుర్తించి డింభకమును లోతునకు పంపును. కన్నులు వెలుగువైపు లాగగా ఇవి లోతువైపు లాగును. రెంటి నడుమ డింభకము తనకు తగిన లోతును నిర్ణయించుకొనును.

ఇంతవరకు చెప్పిన విషయములలో పండితులకు పెద్ద భేదాభిప్రాయము లేదు. నాడీరజ్జువు విషయమున మాత్రము వివాదము తీవ్రమైనది. మానవునికి ప్రధాన నాడీరజ్జువు వీపువైపున ఉండును. ఈగకు, వానపామునకు పొట్టవైపున ఉండును. 1822లో ఫ్రెంచి పండితుడు జఫ్రాయి సాంతిలేర్ ఈ రెండు రూపములును ఒక్కటియేననియు, ఒకదానిని వెల్లకిల త్రిప్పినచో రెండవది యగుననియు వాదించెను. నేపుల్సు పరిశోధనాలయ స్థాపకుడగు డోర్న్ 1875లో ఆ భావమును చేపట్టి, సకశేరుకములు అనెలిడా వంటి పూర్వజులు తలక్రిందులగుటచే పుట్టినవని వ్రాసెను. పలువురు దానిని కల్పనగ తలచిరి. చిత్రమేమనగా ఆ వాదమునకు బలమును చేకూర్చిన క్రిమి ఆయన పరిశోధనాలయపు వాకిటి నీటిలోనే ఈదుచుండెను.

2007లో ఈ క్రిమి డింభకపు నాడీరజ్జువులో ఏ జన్యువు ఏ స్థానమున పనిచేయుచున్నదో గుర్తించి పటము గీచిరి. మధ్యనుండి ప్రక్కలకు జన్యువులు పనిచేయు వరుసయు, ఆ వరుసలనుండి పుట్టు నాడీకణముల తెగలును సకశేరుకముల వెన్నుపాము నిర్మాణమును గాఢముగ పోలియుండెను. ఇంతటి పోలిక వేర్వేరుగ సంభవించుట దుర్ఘటమనియు, పూర్వజునియందే కేంద్రీకృతమైన నాడీమండలము ఉండి తీరవలెననియు పరిశోధకులు నిర్ణయించిరి.

అయితే 2018లో మరియొక పరిశోధకబృందము ఇతర సముద్రజీవులను, అందు ఈ క్రిమికి దూరపుచుట్టమగు మరియొక అనెలిడును పరిశీలించి, ఆ జన్యువుల వరుస పెక్కింట కానరాదని ప్రకటించెను. నాడీరజ్జువులు వేర్వేరు వంశములలో స్వతంత్రముగ పుట్టి, తరువాత పోలికను పొందియుండవచ్చునని వారి అభిప్రాయము. మొదటి పక్షమువారు, పలు జీవులు ఆ పూర్వలక్షణమును పోగొట్టుకొని యుండవచ్చునని బదులు చెప్పగలరు. ఈ వ్యాజ్యము నేటికిని తీర్పునకు రాలేదు. ఇది చిన్న విషయము కాదు. మానవుని వెన్నుపాము సమస్తజంతువులతో పంచుకొన్న పిత్రార్జితమా, లేక అతని వంశపు స్వార్జితమా యను ప్రశ్న దీనిపై ఆధారపడియున్నది. ఒక జంతువు ఎంత మంచి సాక్షియైనను ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదను నీతియు ఇందు కలదు.

పరిశోధన ఫలితములు దూరపు గతమునకే పరిమితములని భావింపరాదు. చంద్రకాంతి విషయమే చూడుడు. ఈ క్రిమి దేహములో దినమును లెక్కించు గడియారము, మాసమును లెక్కించు గడియారము వేరువేరుగ కలవని వియన్నా నగరపు పరిశోధకులు 2013లో చూపిరి. మందుచే దినపు గడియారము నిలిపివేయబడినను మాసపు గడియారము నడచుచునేయుండెను. సూర్యకాంతిని వెన్నెలను వేరుపరచి గుర్తించు ప్రోటీను యొకటి దీనియందు కలదని 2022లో వెల్లడియైనది. తీరపట్టణముల విద్యుద్దీపకాంతి రాత్రి సముద్రముపై ప్రసరించుచున్న ఈ కాలమున, వెన్నెలను నమ్ముకొన్న జీవుల గతి యేమగునను చింతకు ఈ జ్ఞానము ఆధారము.

రైతుకును ప్రజారోగ్యాధికారికిని సంబంధించిన విషయము మరియొకటి కలదు. ఈ క్రిమి మెదడు ఒక హార్మోనును స్రవించి, కాలము రాకమునుపు పక్వదశ రాకుండ ఆపును. అది ఏ పదార్థమో చిరకాలము తెలియలేదు. 2016లో అది మిథైల్ ఫార్నెసోయేట్ అని తేలెను. కీటకముల యౌవనహార్మోనునకు అది సమీప బంధువు. కీటకముల డింభకములను చంపుటకు వాడు కొన్ని మందులు ఆ హార్మోను మార్గముపైననే పనిచేయును. ప్రయోగశాలలో అట్టి మందులు ఈ క్రిమి కణములలో అండపోషక పదార్థపు ఉత్పత్తిని అణచివేసెను. కీటకములకు మాత్రమే హానికరములని నమ్మిన మందులు నీటివెంట సముద్రమును చేరినచో ఇతర జీవుల సంతానమునకును ముప్పు రాగలదని పరిశోధకులు హెచ్చరించిరి.

తెలుగు తీరమునకు ఈ విషయము పరాయిది కాదు. ఆంధ్రతీరపు ఇసుకలోను బురదలోను పాలికీటా క్రిములు అనేకజాతులు వసించుచున్నవి. రొయ్యపిల్లల ఉత్పత్తికేంద్రములలో తల్లిరొయ్యలకు బలమైన ఆహారముగ పాలికీటా క్రిములను మేపుచున్నారు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు తూర్పుతీరపు జీవులను చిరకాలముగ అధ్యయనము చేయుచు వచ్చిరి. పంటకాలువలు, మురుగుకాలువలు మోయు నీరంతయు కడకు ఆ తీరమునకే చేరును. అచటి అల్పజీవుల క్షేమము మత్స్యసంపదకును, దానిపై బ్రతుకు కుటుంబములకును సంబంధించినది.

ఈ క్రిమిని గూర్చిన జ్ఞానము ఒకరిచే ఒక్కనాట సంపాదింపబడలేదు. 1872లో తీరమున పరిశోధనాలయమును కట్టినవాడు, 1953లో తొట్టిలో పురుగులను పెంచినవాడు, ఈ శతాబ్దమున జన్యువులను చదివినవారు, ఒకరి పని ఫలితమును మరియొకరు పొందిరి. 2021లో ఈ క్రిమి ఆరుదినముల శిశువు యొక్క దేహమంతటను కణము కణమున రూపమును, జన్యువుల పనిని కలిపి చూపు పటమును ప్రకటించి, లోకమంతటికిని అందుబాటులో నుంచిరి. దానిని చదువుటకు నేపుల్సు పోనక్కరలేదు. ఏ పల్లెలోని విద్యార్థియైనను, శ్రద్ధయు భాషయు అలవడినచో, దానిని చూడగలడు. అట్టి శ్రద్ధను కలిగించుటయే గ్రంథాలయముల ధర్మము. గట్టుమీది వానపామును త్రొక్కక ఒక్క నిమిషము నిలిచి చూచు బాలుడు ఈ గ్రామమున నొక్కడు బయలుదేరినను ఈ ఉపన్యాసము సఫలమగును.